తెల్లనివన్నీ పాలు కావు
మార్పు చేసిన డిజిటల్ కెమెరాల రంగులపై ఒక విమర్శ

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో రంగు అనేది అభిరుచికి సంబంధించిన విషయం కాదు. సుభాష్‌పల్లి కుర్రవాడు ఎవరైనా లోకో పైలట్ ఉద్యోగానికి వెళితే రాత పరీక్ష ఒక్కటీ నెగ్గితే సరిపోదు. రైల్వే వైద్యుడు ఇషిహారా చుక్కల పుస్తకం తెరిచి అందులో దాగిన అంకెలు చదవమంటాడు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా పట్టలేని కన్ను ఎంత చురుకైనదైనా ఇంజను నడపడానికి పనికిరాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ పరీక్ష సంగతి తెలియని ఇల్లు అరుదు.

ఇంత నిక్కచ్చిగా కన్నును పరీక్షించే మనం, కెమెరా విషయానికి వచ్చేసరికి ఎందుకు ఇంత ఉదారంగా ఉంటాం? ఈ మధ్య విద్యార్థుల సైన్సు ప్రదర్శనలలోనూ పత్రికలలోనూ మూడు రకాల చిత్రాలు తరచుగా కనిపిస్తున్నాయి. మంచు కురిసినట్టు తెల్లని చెట్లు, పైన నీలి ఆకాశం ఉన్నవి ఒక రకం. నెత్తురు రంగు నీహారికలు రెండో రకం. పైరు ఆరోగ్యాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మచ్చలతో చూపే పటాలు మూడో రకం. ఈ మూడూ చాలావరకు మార్పు చేసిన డిజిటల్ కెమెరాలతో తీసినవే. వాటిని తీసినవారి ఓపికకు మెచ్చుకోవలసిందే. అభ్యంతరమల్లా కింద రాసే ఒక్క మాట గురించి: "వైట్ బ్యాలెన్స్ సరిచేశాం, ఇవి అసలు రంగులు."

వైట్ బ్యాలెన్స్ తెలుపును తెల్లగా చూపిస్తుంది. అంతవరకే దాని పూచీ. మిగతా రంగులకు అది హామీ ఉండదు. మామూలు కెమెరాలో ఈ తేడా పెద్దగా బయటపడదు. మార్పు చేసిన కెమెరాలో ఇదే అసలు సమస్య. ఎందుకో చూద్దాం.

కెమెరాలో తీసేసినదేమిటి?

డిజిటల్ కెమెరా సెన్సర్‌ను సిలికాన్‌తో చేస్తారు. మన కన్ను సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని చూస్తుంది. సిలికాన్ అక్కడితో ఆగదు. 700 దాటి దాదాపు 1,100 నానోమీటర్ల వరకు పరారుణ కాంతికి కూడా స్పందిస్తుంది. సిలికాన్‌కు రంగులు తెలియవు, కాంతి ఎంత పడిందన్నదే తెలుసు. అందుకని దానిమీద గళ్ళబట్టలాగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు అమరుస్తారు. ప్రతి నాలుగు గళ్ళలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరుతో పిలిచే ఈ అమరికకు 1976లో పేటెంటు వచ్చింది.

ఈ గళ్ళలోని రంగులు దృశ్యకాంతిని చక్కగానే విడదీస్తాయి కాని పరారుణ కాంతిని ఆపలేవు. 800 నానోమీటర్లు దాటాక మూడు రంగుల గళ్ళూ ఇంచుమించు ఒకేలా దాన్ని లోపలికి వదిలేస్తాయి. కాబట్టి తయారీదారులు సెన్సర్ ముందు లేత నీలి ఆకుపచ్చ ఛాయ ఉన్న ఒక గాజుపలకను పెడతారు. పరారుణాన్ని ఆపడం దాని పని. కెమెరా రంగులు మన కంటి రంగులకు దగ్గరగా రావడానికి ముఖ్యమైన కారణం ఈ పలకే.

కెమెరాను మార్పు చేయడమంటే ఈ పలకను తీసేయడం. దాని స్థానంలో మామూలు గాజు పెడితే కెమెరా అతినీలలోహితం అంచు నుంచి పరారుణం వరకు అన్నిటినీ చూస్తుంది. నక్షత్రాల చిత్రాలు తీసేవారు మాత్రం పరారుణాన్ని ఆపుతూ, ముదురు ఎరుపును పూర్తిగా వదిలే మరో పలకను పెట్టుకుంటారు. మొదటి పద్ధతిలో రంగుల చిక్కు ఎక్కువ, రెండో పద్ధతిలో తక్కువ.

మూడు అంకెలతో కుదరని లెక్క

వైట్ బ్యాలెన్స్ అంటే మూడు గుణకాలు. తెల్లని లేదా బూడిదరంగు వస్తువును ఫొటో తీసి, దాని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు మూడూ సమానం అయ్యేలా ఒక్కోదాన్ని ఒక్కో అంకెతో హెచ్చవేస్తాం. చిత్రమంతటికీ అవే అంకెలు వర్తిస్తాయి.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అంకెలు లెక్క సులువుగా ఉండేందుకు వేసుకున్నవి. మార్పు చేయని కెమెరాలో ఎండలో ఉన్న తెల్లగోడకు ఎరుపు 50, ఆకుపచ్చ 100, నీలం 70 వచ్చాయనుకోండి. గుణకాలు 2, 1, 1.43. ఇప్పుడు పలక తీసేశాం. పరారుణం వల్ల ఎరుపుకు మరో 50, ఆకుపచ్చకు 30, నీలానికి 30 కలిశాయి. గోడ విలువలు 100, 130, 100 అయ్యాయి. కొత్త గుణకాలు 1.3, 1, 1.3. గోడ మళ్ళీ తెల్లగా వచ్చింది. అంతా సరిపోయిందని ఇక్కడే చాలామంది ఆగిపోతారు.

అదే గోడ పక్కన ఒక రావి చెట్టు ఉందనుకుందాం. ఆకు ఎరుపు కాంతిలో నూటికి 6 వంతులు, ఆకుపచ్చలో 12, నీలంలో 5 వంతులు మాత్రమే వెనక్కి పంపుతుంది. పరారుణంలో మాత్రం 48 వంతులు పంపుతుంది. పత్రహరితం ఎర్రని కాంతిని పీల్చుకుంటుంది. 700 నానోమీటర్లు దాటగానే దాని పీల్చివేత ఆగిపోతుంది. ఆకు లోపలి కణాలు, వాటి మధ్య గాలి ఖాళీలు పరారుణాన్ని చెదరగొట్టి బయటికి పంపుతాయి. లెక్క వేస్తే, మార్పు చేయని కెమెరాలో వైట్ బ్యాలెన్స్ తర్వాత ఆకు విలువలు 6, 12, 5. చక్కని ఆకుపచ్చ. మార్పు చేసిన కెమెరాలో అవే 35, 26, 23 అవుతాయి. ఆకు ఎండిపోయినట్టు ఎర్రగోధుమ రంగులోకి వచ్చేసింది. పక్కనున్న గోడ మాత్రం తెల్లగానే ఉంది!

ఇప్పుడు సరిగ్గా ఆ ఆకు రంగే వేసిన ఒక ఇనుప తలుపును చూడండి. మన కంటికి రెండూ ఒకటే పచ్చ. కాని ఈ రంగు పరారుణంలో 10 వంతులే వెనక్కి పంపుతుందనుకుందాం. మార్పు చేసిన కెమెరాలో దాని విలువలు సుమారు 10, 15, 8. అంటే తలుపు పచ్చగానే ఉంది, ఆకు గోధుమరంగుకు మారింది. కంటికి ఒకటిగా కనబడిన రెండు వస్తువులు కెమెరాకు రెండయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆకుపచ్చ రంగు పూసి దాచిన ఆయుధాలను నిజమైన చెట్ల నుంచి వేరుచేసి చూపడానికి పరారుణ రంగుల ఫిల్మును తయారుచేసింది ఈ సూత్రం మీదే.

ఆకు పచ్చగా వచ్చేవరకు గుణకాలను మారిస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. మార్చి చూడండి. ఆకు పచ్చబడేసరికి తెల్లగోడ ఇంకా పచ్చగా అయిపోతుంది. తలుపును చూసుకుంటే ఆకు చెడుతుంది, ఆకును చూసుకుంటే గోడ చెడుతుంది. ఎరుపు గడిలో చేరిన కాంతిలో ఎరుపెంత, పరారుణమెంత అన్నది సెన్సర్ ఎక్కడా రాసిపెట్టలేదు. పాలలో నీళ్ళు కలిశాక కొలపాత్ర మార్చినంత మాత్రాన నీళ్ళు విడిపోవు కదా!

దీపం మారితే కథ మారుతుంది

ఇంకో చిక్కు ఉంది. పాతకాలపు ఫిలమెంటు బల్బు ఇచ్చే శక్తిలో ఎక్కువ భాగం పరారుణమే. తెల్లని ఎల్.ఇ.డి. దీపంలో పరారుణం దాదాపు లేదు. కాబట్టి మార్పు చేసిన కెమెరాతో ఎల్.ఇ.డి. వెలుగులో ఫొటో తీస్తే రంగులు మామూలుగానే కనిపిస్తాయి. అదే కెమెరాను మధ్యాహ్నపు ఎండలోకి తెస్తే నల్లని టెరిలిన్ ప్యాంటు కూడా వంకాయ రంగులో రావచ్చు. ఎందుకంటే కృత్రిమ నూలుకు వేసే చాలా నల్లరంగులు పరారుణాన్ని పీల్చుకోవు. గదిలో దీపం కింద పరీక్షించి "కెమెరా బాగానే ఉంది" అని సర్టిఫికెట్టు ఇవ్వడం, స్టేషనులో ఆగి ఉన్న బండికి వేగపరీక్ష చేయడం వంటిది.

ఇక చిత్రాల సంగతి

ఇప్పుడు మొదట చెప్పిన మూడు రకాల చిత్రాలను ఈ గీటురాయి మీద పెట్టి చూద్దాం.

తెల్లని చెట్ల చిత్రాలకు వందేళ్ళు దాటిన చరిత్ర ఉంది. అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1910లోనే పరారుణ చిత్రాలు ప్రచురించాడు. ఆకులు తెల్లగా మెరవడాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ చిత్రాలు నలుపు తెలుపులో ఉండేవి కాబట్టి ఎవరినీ మభ్యపెట్టలేదు. నేటి చిత్రాలలో వచ్చిన చిక్కల్లా నీలి ఆకాశం. 720 నానోమీటర్ల వడపోత పెట్టి తీసి, ఆకును తెలుపుగా తీసుకుని వైట్ బ్యాలెన్స్ చేస్తే ఆకాశం ఇటుక రంగులోనో గోధుమ రంగులోనో వస్తుంది. అప్పుడు కంప్యూటరులో ఎరుపు, నీలం విలువలను ఒకదాని స్థానంలో ఒకటి మారుస్తారు. ఆకాశం నీలమవుతుంది. చూసేవాడికి తెలిసిన ఆకాశం కనిపించేసరికి చిత్రంలో మిగతాదంతా కూడా నిజమే అనిపిస్తుంది. కళగా ఇది ముచ్చటైనది. సైన్సు ప్రదర్శనలో పెట్టినప్పుడు మాత్రం "ఎరుపు నీలాలు తారుమారు చేశాం" అన్న ముక్క రాయకపోతే అది చూసేవారిని దారి తప్పించడమే.

నీహారికల విషయంలో న్యాయం కొంత కెమెరా మార్చినవారి వైపే ఉంది. హైడ్రోజన్ వాయువు 656.3 నానోమీటర్ల వద్ద ముదురు ఎరుపు కాంతిని వెలువరిస్తుంది. మామూలు కెమెరాలోని పలక ఇందులో చాలా భాగాన్ని మింగేస్తుంది. కానన్ 2005లో 20డి.ఎ., 2012లో 60డి.ఎ., 2019లో ఆర్.ఎ. అనే కెమెరాలనూ, నికాన్ 2015లో డి810ఎ అనే కెమెరానూ ఈ ఎరుపు కోసమే తయారుచేశాయి. ఆర్.ఎ. ఈ కాంతిని తన మూల నమూనా కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా లోపలికి తీసుకుంటుందని కానన్ ప్రకటించింది. కాబట్టి వీటిలో కనిపించే ఎరుపు కల్పన కాదు.

అయితే ఎంత ఎరుపు? వేడెక్కిన హైడ్రోజన్ 486.1 నానోమీటర్ల వద్ద నీలి ఆకుపచ్చ కాంతిని కూడా ఇస్తుంది. ధూళి అడ్డు లేనప్పుడు మొదటిది రెండోదానికి సుమారు 2.9 రెట్లు. ఓరియన్ నీహారికలో ఆక్సిజన్ ఇచ్చే 500.7 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి కూడా బలంగానే ఉంది. ఇవన్నీ కలిస్తే గులాబి ఛాయ రావాలి, పచ్చి నెత్తురు రంగు కాదు. పైగా ఆకాశపు కాంతి కాలుష్యాన్ని చెరిపే తొందరలో కొందరు నేపథ్యాన్ని బూడిదరంగుగా చేసి దాన్నే వైట్ బ్యాలెన్స్ అనుకుంటారు. నేపథ్యం తటస్థం కావడం వేరు, నక్షత్రాల రంగులు సరికావడం వేరు. సూర్యుడి వంటి నక్షత్రాన్ని తెలుపుగా తీసుకోవడం, లేదా వర్ణపటాలు తెలిసిన అనేక నక్షత్రాలతో పోల్చి సరిచేయడం మెరుగైన పద్ధతి. మంచి నీహారిక చిత్రంలో నీలి నక్షత్రాలు నీలంగా, నారింజ నక్షత్రాలు నారింజగా మిగిలి ఉంటాయి. నక్షత్రాలన్నీ ఒకే తెలుపులో ఉంటే చిత్రకారుడి చెయ్యి బరువుగా పడిందని అర్థం.

పైరు పటాల విషయంలో పొరపాటుకు ఖరీదు ఎక్కువ. పైరు ఆరోగ్యం లెక్కకు పరారుణ విలువ నుంచి ఎరుపు విలువను తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తారు. మన రావి ఆకునే తీసుకుంటే 48లోంచి 6 పోగా 42. దాన్ని 54తో భాగిస్తే 0.78. ఆరోగ్యమైన ఆకు. కెమెరా తనంతట తాను వైట్ బ్యాలెన్స్ చేసి ఎరుపును రెట్టింపు చేసిందనుకోండి. 48లోంచి 12 పోగా 36, దాన్ని 60తో భాగిస్తే 0.6. ఆకు మారలేదు, జబ్బు మాత్రం వచ్చింది! నిన్న ఎండలో, ఈరోజు మబ్బులో తీసిన రెండు జేపెగ్ చిత్రాలను పోల్చి "పైరు క్షీణించింది" అని చెప్పే విద్యార్థి, రైతుతో అనవసరంగా ఎరువు కొనిపించగలడు. అందంగా లేని నీహారిక వల్ల ఎవరికీ నష్టం లేదు. తప్పు అంకెతో వేసిన పటం వల్ల ఉంది.

అంగారకుడి మీదా ఇదే చిక్కు

ఇది ఔత్సాహికులకే వచ్చే సమస్య అనుకోనక్కరలేదు. వైకింగ్ 1 నౌక 1976 జులై 20న అంగారకుడి మీద దిగింది. మరునాడు వచ్చిన మొదటి రంగుల చిత్రాన్ని ఆకాశం లేత నీలంగా ఉన్నట్టు విడుదల చేశారు. సెన్సర్ల స్పందనను పూర్తిగా లెక్కలోకి తీసుకుని సరిచేసిన తర్వాత ఆ ఆకాశం గులాబి ఛాయలోకి మారింది. ఆ కెమెరాలోని రంగుల సెన్సర్లకు కూడా పరారుణం కొంత చొరబడేది. దాన్ని లెక్కగట్టి తీసివేయవలసి వచ్చింది.

2004లో స్పిరిట్ రోవరు పంపిన కొన్ని చిత్రాలలో మరో వింత కనబడింది. రోవరు మీద రంగులు సరిచూసుకోవడానికి అమర్చిన సూర్యగడియారం మూలలో నీలి ముక్క ఉంది. చిత్రంలో అది గులాబి రంగులో వచ్చింది. కారణం, ఆ చిత్రాలకు ఎరుపు స్థానంలో 753 నానోమీటర్ల వడపోత వాడారు. ఆ నీలి రంగు పరారుణంలో బాగా మెరుస్తుంది. మన రావి ఆకుకు జరిగినదే ఆ నీలి ముక్కకూ జరిగింది. తేడా ఏమిటంటే ఆ శాస్త్రవేత్తలు ఏ వడపోత ఎప్పుడు వాడారో దాచలేదు. అందువల్లనే ఎవరైనా కారణం వెతికి పట్టుకోగలిగారు.

శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయలుదేరిన మన మంగళయాన్ కెమెరా కూడా బేయర్ అమరిక గలదే. దాన్ని 400 నుంచి 700 నానోమీటర్ల దృశ్యకాంతికే పరిమితం చేసి రూపొందించారు. కంటికి కనిపించే రంగు కావాలంటే కంటికి కనిపించే కాంతినే లోపలికి రానివ్వాలి. దీనికి అడ్డదారి లేదు.

సరైన రంగు కావాలంటే

మార్పు చేసిన కెమెరాతో పగటి దృశ్యాలను కంటికి కనిపించినట్టే తీయాలనుకునేవారు పరారుణాన్ని ఆపే వడపోతను లెన్సు ముందు బిగించడమే అసలైన వైద్యం. తర్వాత జేపెగ్‌లో కాక రా ఫైలులో తీయాలి. అందులో సెన్సర్ విలువలు గుణకాలు పడకుండా ఉంటాయి. ఆ తర్వాత 24 రంగుల గళ్ళున్న పరీక్ష చార్టును అదే వెలుగులో తీసి ఆ కెమెరాకు ప్రత్యేకంగా రంగుల పట్టిక తయారుచేసుకోవాలి. వడపోత లేకుండా ఈ పట్టిక ఒక్కటే చాలదు. చార్టులోని పచ్చగడి పరారుణంలో చెట్టు ఆకులా ప్రవర్తించదు. చార్టు మీద పాసయిన కెమెరా తోటలో ఫెయిలవుతుంది.

తెలుపు కొలతకు నోటుపుస్తకం కాగితం వాడకండి. తెల్లదనం పెంచడానికి చాలా కాగితాలలో కలిపే పదార్థాలు అతినీలలోహితాన్ని పీల్చుకుని నీలి కాంతిని వెలువరిస్తాయి. గొట్టాల మరలకు చుట్టే తెల్లని టెఫ్లాన్ టేపును ఒక చెక్కముక్క మీద చాలా పొరలుగా చుడితే చవకైన మంచి తెలుపు దొరుకుతుంది. అతినీలలోహితం నుంచి పరారుణం వరకు అది దాదాపు సమానంగా కాంతిని వెనక్కి పంపుతుంది.

తర్వాత మీ కెమెరాకు మీరే ఇషిహారా పరీక్ష వంటిది పెట్టండి. ఒక పచ్చని ఆకు, అదే రంగున్న ప్లాస్టిక్ ముక్క, ఒక నల్లని నూలుబట్ట, ఒక నల్లని టెరిలిన్ బట్ట, గుప్పెడు ఖరగ్‌పూర్ ఎర్రమట్టి, మీ టెఫ్లాన్ చెక్క. వీటిని వరసగా పెట్టి ఎండలో ఒకసారి, మబ్బులో ఒకసారి, ఎల్.ఇ.డి. వెలుగులో ఒకసారి తీయండి. మూడింటిలోనూ ఆకూ ప్లాస్టిక్కూ కంటికి కనిపించినంత దగ్గరగా ఉంటేనే "అసలు రంగులు" అన్న మాట వాడే హక్కు మీకు వస్తుంది.

రాకపోతే? అప్పుడు కూడా ఆ చిత్రం చెత్తబుట్టకు పోనక్కరలేదు. మన కన్ను చూడలేనిదాన్ని చూపడమే ఆ కెమెరా గొప్పతనం. దాని కింద నాలుగు విషయాలు రాస్తే చాలు: సెన్సర్ ముందు ఏ పలక ఉంది, లెన్సు ముందు ఏ వడపోత పెట్టారు, దేన్ని తెలుపుగా తీసుకున్నారు, తర్వాత రంగులను ఏమైనా తారుమారు చేశారా. ప్రదర్శనలకు న్యాయనిర్ణేతలుగా వచ్చే ఉపాధ్యాయులు కూడా చిత్రం ఎంత బాగుందో చూసేముందు ఈ నాలుగు ప్రశ్నలూ అడిగితే మంచిది. వీటికి జవాబు చెప్పగలిగిన విద్యార్థి చిత్రం కాస్త మసకగా ఉన్నా మొదటి బహుమతి అతనికే ఇవ్వాలి.